శనగ గింజంత కుజుడు, తాటికాయంత గురుడు

ఆగస్టు 23 జాతీయ అంతరిక్ష దినం. 2023లో అదే రోజున చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. ఆ రోజుకు పిల్లలతో గ్రహాల బొమ్మలు చేయించాలనుకుంటున్న ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ఒకే రకం ప్రశ్నలను ఒక్కటిగా కలిపాం.

*

ప్రశ్న: మాది సర్కారు బడి. అయిదో తరగతిలో 32 మంది. ఏటా థర్మకోల్ ఉండలకు రంగులేసి తీగకు గుచ్చుతాం, ఎగ్జిబిషన్ కాగానే బీరువా మీద పడేస్తాం. పిల్లలకు పేర్లు తప్ప ఇంకేమీ గుర్తుండట్లేదు. ఖర్చు తక్కువలో, చేస్తూ చేస్తూ నేర్చుకునేటట్టు ఎట్లా చేయించాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, దేవరకొండ

జవాబు: రంగు డబ్బా మూత తీయకముందే కొలత తేల్చుకోండి. అంగట్లో దొరికే సెట్లలో గురుడు భూమికి రెండింతలో మూడింతలో ఉంటాడు. అసలు లెక్కలో వ్యాసమే పదకొండింతలు. సొంత చేతులతో తప్పు కొలతలో చేసిన బొమ్మ పిల్లల బుర్రలో పాఠం కంటే గట్టిగా నాటుకుంటుంది. తర్వాత దాన్ని పీకడం మహా కష్టం.

మేం చెప్పే కొలత ఇది: ఒక సెంటీమీటరుకు పది వేల కిలోమీటర్లు. అయిదో తరగతికి దశాంశాలు వచ్చు కాబట్టి భాగహారం పిల్లల చేతే చేయించండి. బుధుడి వ్యాసం 4,879 కి.మీ., అంటే అర సెంటీమీటరు. శుక్రుడు 12,104, అంటే 1.2. భూమి 12,742, దాదాపు 1.3. కుజుడు 6,779, అంటే 0.7. ఇక్కడి నుంచి లెక్క ఒక్క ఎగురు ఎగురుతుంది. గురుడు 1,39,820 కి.మీ., అంటే 14 సెం.మీ.; శని 1,16,460, అంటే 11.6, యురేనస్ 50,724, అంటే 5.1, నెప్ట్యూన్ 49,244, అంటే 4.9. ఇవన్నీ సగటు వ్యాసాలు.

ఈ అంకెలు వేసిన వెంటనే పిల్లలను ఇంటి నుంచి ఆ సైజు వస్తువులు తెమ్మనండి. బుధుడు జొన్న గింజ, కుజుడు శనగ గింజ, శుక్రుడూ భూమీ కుంకుడు గింజలు, యురేనస్, నెప్ట్యూన్ రెండు నిమ్మకాయలు, శని పెద్ద మారేడు కాయ, గురుడు తాటికాయ. (బత్తాయి తెస్తే యురేనస్‌కు పెద్దదైపోతుంది. మన జిల్లా కాయ అని మొహమాటపడకండి.) ఇవన్నీ ఒక బల్ల మీద వరసగా పెట్టి చూపిస్తే సగం పాఠం అక్కడే అయిపోతుంది. పళ్లు కుళ్లుతాయి కనుక అవి పోలికకే. బొమ్మలు వేరుగా చేయాలి.

సూర్యుడు ఈ కొలతలో 139 సెం.మీ. ఉండ చేసే పని పెట్టుకోవద్దు. బడి గోడ మీద మేకుకు దారం కట్టి, 70 సెం.మీ. దూరంలో చాక్‌పీసుతో గుండ్రం గీయండి. అయిదో తరగతి పిల్లను పక్కన నిలబెడితే ఇంచుమించు అంత ఎత్తే ఉంటుంది. ముగ్గుపిండితో నేల మీద వేసినా సరే. పసుపు కలపకండి, వాతావరణం అడ్డు లేకుండా చూస్తే సూర్యుడి రంగు తెలుపే.

పని పంపకం ఇట్లా చేయండి. చిన్న నాలుగు గ్రహాలు ప్రతి పిల్లా ఎవరికి వాళ్లు చెరువు మట్టితో చేసుకుని అగ్గిపెట్టెలో దాచుకోవాలి. నలుగురికొక జట్టు చొప్పున ఎనిమిది జట్లు కడితే, నాలుగు జట్లు యురేనస్, నాలుగు జట్లు నెప్ట్యూన్ చేస్తాయి. గురుడు, శని తరగతికి ఒక్కొక్కటి చాలు. ఆ రెండింటినీ బుగ్గ (బెలూన్) మీద పేపరు ముక్కలు అంటించి చేస్తాం, ఆ పద్ధతి తర్వాతి జవాబులో ఉంది. రోజూ ఒక జట్టు వంతులవారీగా ఒక పొర అంటించాలి. చిన్న ఉండ కొలవడానికి దాన్ని రెండు అగ్గిపెట్టెల మధ్య ఇరికించి, ఉండ తీసేసి ఆ సందును స్కేలుతో చూడండి. పెద్ద ఉండకు వ్యాసం కొలవలేం, నడుం చుట్టూ దారం చుట్టి కొలుస్తాం. గురుడికి 44 సెం.మీ., శనికి 36.5, యురేనస్‌కు 16, నెప్ట్యూన్‌కు 15.5 రావాలి. వ్యాసాన్ని 3.14తో ఎందుకు గుణించామో ఆ దారమే చెప్తుంది.

సామాను పెద్దగా లేదు: పావుకిలో మైదా, ఉప్పు, పాత పేపర్లు, బుగ్గలు నాలుగు (రెండు పగిలిపోతాయనే లెక్క), తెల్ల పెయింటు, పోస్టర్ రంగులు అయిదారు, ఫెవికాల్ చిన్న డబ్బా. యురేనస్, నెప్ట్యూన్లకు బుగ్గ వద్దు, అంత చిన్నగా ఊదితే సొరకాయలా ఉంటుంది. ఒక పేపరు పేజీని గట్టిగా నలిపి ఉండ చేసి, దారంతో అన్ని వైపులా బిగించి చుట్టి, దాని మీద పేపరు ముక్కలు అంటించాలి.

చందమామను మరిచిపోవద్దు. మూడున్నర మిల్లీమీటర్లు, అంటే పెసర గింజ. భూమి ఉండను బల్ల మీద పెట్టి, పెసర గింజను ఎంత దూరంలో పెట్టాలో ఒక్కొక్కరినీ పెట్టమనండి. దాదాపు అందరూ అయిదారు సెంటీమీటర్ల లోపే పెడతారు. అసలు దూరం 3,84,400 కి.మీ., అంటే 38 సెంటీమీటర్లు. గింజలతో పని చేసేటప్పుడు చంటి తమ్ముళ్లు, చెల్లెళ్లు దగ్గర లేకుండా చూడండి, ముక్కులో పెట్టుకుంటారు. పగిలిన బుగ్గ ముక్కలదీ అదే సంగతి, నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడతాయి.

*

ప్రశ్న: మా బాబుతో బుగ్గ మీద పేపర్లు అంటించి గురుగ్రహం చేయించాను. మర్నాటికి ఒక పక్క సొట్ట పోయింది. రెండోసారి చేస్తే ఒకటే వాసన, లోపల నల్లని బూజు. ఎక్కడ తప్పు జరుగుతోంది?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: రెండు తప్పులూ తడి దగ్గరే ఉన్నాయి. మొదట జిగురు సంగతి చూద్దాం. ఒక కప్పు మైదాను ఒక కప్పు చన్నీళ్లలో గడ్డల్లేకుండా కలపండి. ఇంకో గిన్నెలో నాలుగు కప్పుల నీళ్లు మరిగించి, ఆ కలిపిన పిండిని సన్నని ధారగా పోస్తూ తిప్పాలి. రెండు మూడు నిమిషాల్లో పాలలాంటి తెలుపు పోయి, కాస్త పారదర్శకంగా గంజిలా అవుతుంది. అప్పుడు దించి రెండు చెంచాల ఉప్పు వేయండి. పొడి పిండిని నేరుగా వేడినీళ్లలో వేస్తే ప్రతి గడ్డ పైపొర ఉడికి ముద్దకట్టి, లోపలి పిండికి నీళ్లు అందవు. ఆ గడ్డలే తర్వాత బూజుకు ఇళ్లు. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్లదే. ఈ జిగురు బయట ఒక్క రోజే ఆగుతుంది, పులిసిన వాసన వస్తే పారబోయండి. పురుగు పట్టకుండా పూర్వం కొందరు మైలుతుత్తం కలిపేవారు. అది విషం, పిల్లల చేతులు పడే జిగురులో వద్దే వద్దు. మన ఇళ్లల్లో చాటలు, బుట్టలు అలికేందుకు నానబెట్టిన కాగితంలో మెంతులు రుబ్బి కలుపుతారు కదా, ఆ మెంతిపిండి చెంచాడు కలిపితే పట్టు పెరుగుతుంది.

ఇక బుగ్గ. గురుడు 44 సెం.మీ. చుట్టుకొలత ఉండాలంటే బుగ్గను 43కే ఆపాలి, మిగతాది పొరల మందం తీసుకుంటుంది. నిండా ఊదిన బుగ్గ కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. సగం ఊదితే గుండ్రంగా ఉంటుంది. కాబట్టి పెద్ద సైజు బుగ్గ కొని తక్కువ ఊదడం మేలు.

పేపరును కత్తెరతో కత్తిరించకండి, చేత్తో చింపండి. చింపిన అంచు పీచుపీచుగా ఉండి పక్క ముక్కలో కలిసిపోతుంది. కత్తిరించిన అంచు గీతలా పైకి తేలి, రంగు వేశాక కూడా కనపడుతుంది. ముక్క వెడల్పు రెండు సెంటీమీటర్లు, పొడవు ఎనిమిది. అంతకంటే వెడల్పైతే గుండ్రం మీద ముడతలు పడుతుంది. మొదటి పొరను జిగురు లేకుండా ఒట్టి నీళ్లలో ముంచి అంటించండి, రబ్బరుకు అతుక్కోదు. రెండో పొర నుంచి జిగురు. ముక్కను జిగురులో ముంచి, రెండు వేళ్ల మధ్య లాగి అదనపు జిగురు గిన్నెలోకే దిగేలా చేయాలి. ఇక్కడే పిల్లలు తొందరపడతారు. కారుతున్న ముక్కలు అంటిస్తే ఎండటానికి మూడింతలు టైం పడుతుంది.

ఒక పొర నిలువుగా, తర్వాతిది అడ్డంగా వేయండి. ఒక పొరకు మామూలు పేజీ, ఇంకో పొరకు రంగుల అనుబంధం పేజీ వాడితే ఎక్కడ ఖాళీ మిగిలిందో ఇట్టే తెలుస్తుంది. మొత్తం నాలుగు పొరలు కావాలి. రోజుకు రెండే వేయండి. 14 సెం.మీ. ఉండ పైభాగం 615 చదరపు సెంటీమీటర్లు. నాలుగు పొరలకు, ఒకదాని మీద ఒకటి ఎక్కే భాగం కూడా కలుపుకుంటే, రెండు పూర్తి పేపరు పేజీలు పడతాయి.

సొట్ట ఎందుకు పోయిందంటే, రాత్రి చల్లబడితే బుగ్గలో గాలి కుంచించుకుంటుంది, ముడి నుంచి కొంచెం కారుతుంది కూడా. మీద ఉన్న పేపరు ఇంకా మెత్తగానే ఉంటే దానితోపాటు లోపలికి పోతుంది. సాయంత్రం అంటించి రాత్రంతా వదిలేస్తే తప్పక జరుగుతుంది. పొద్దున్నే మొదలుపెట్టి, రాత్రికల్లా మొదటి రెండు పొరలు గట్టిపడేలా చూసుకోండి. అలాగని ఎర్రటెండలో పెడితే లోపలి గాలి వేడెక్కి బుగ్గే పగులుతుంది. పాలమూరు ఎండాకాలంలో ఇది మరీ ఎక్కువ. నీడలో, గాలి తగిలేచోట, ఫ్యాను కింద ఆరబెట్టి, గంటకోసారి తిప్పండి. ఖాళీ చెంబు మూతి మీద కూర్చోబెడితే అడుగు కూడా ఆరుతుంది.

ముసురు రోజుల్లో నాలుగు పొరలకు నాలుగైదు రోజులు పట్టొచ్చు. ఆరిందో లేదో చూడటానికి ఉండను చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. గోటితో కొడితే డొల్ల శబ్దం రావాలి. అప్పుడు ముడి దగ్గర చిన్న గాటు పెట్టి, ముడిని పట్టుకుని గాలి మెల్లగా పోనివ్వండి. సూదితో ఠప్పున పగలగొడితే అంటుకున్న చోటల్లా లోపలి పొరను లాక్కుపోతుంది.

సొట్టపోయిన ఉండ పనికొస్తుంది. ఆ గుంటలో జిగురు పట్టించిన పేపరు గుజ్జు నింపి, ఆరాక మీద ఒక పొర వేయండి. లేదా రెండు ధ్రువాల దగ్గర ఇంకాస్త నొక్కి శని చేసేయండి. శని నిజంగానే నొక్కుకుపోయి ఉంటాడు, మన కొలతలో నడుం దగ్గర 12 సెం.మీ., ధ్రువాల మధ్య 10.9 మాత్రమే. బూజు పట్టినదాన్ని మాత్రం దాచొద్దు, రంగుతో కప్పొద్దు. పారేసి కొత్తది మొదలుపెట్టండి.

*

ప్రశ్న: థర్మకోల్ బంతికి స్ప్రే రంగు కొట్టగానే పుండ్లు పడ్డట్టు గుంటలు పడి కరిగిపోయింది. నాసిరకం బంతా?
– ఇంటర్ విద్యార్థి, జడ్చర్ల

జవాబు: బంతిది తప్పు కాదు. స్ప్రే డబ్బాలో ఉండే ద్రావకాలు థర్మకోల్‌ను కరిగించేస్తాయి. థిన్నరు, పెట్రోలు, రబ్బరు జిగురు, ఎనామిల్ పెయింటు, అన్నిటితో ఇదే ఇబ్బంది. నీళ్లలో కలిసే రంగులే వాడాలి. అవి నున్నటి థర్మకోల్ మీద నిలవకుండా జారితే, ముందుగా ఫెవికాల్, చాక్‌పీసు పొడి సమానంగా కలిపి ఒక పూత పూయండి. గుంటలు పడ్డ బంతికి బూడిద రంగు వేసి చంద్రుడి ఉపరితలం చూపించడానికి వాడుకోండి, అంత సహజమైన గుంటలు చేత్తో చేయలేరు. బంతులు కొనేటప్పుడు ఒక సంగతి: అంగట్లో సైజులు అంగుళాల్లో ఉంటాయి. పై కొలతలో అర అంగుళం బంతి అచ్చంగా భూమి, రెండంగుళాల బంతి అచ్చంగా యురేనస్.

*

ప్రశ్న: సైజుల ప్రకారం చేశాం. మరి దూరాలు కూడా అదే కొలతలో పెట్టొచ్చా? మా బడి ఆవరణ ఎకరం ఉంటుంది.
– హైస్కూలు సైన్స్ టీచర్, మహబూబ్‌నగర్

జవాబు: ఎకరంలో మీకు శుక్రుడి దాకా వస్తే గొప్ప. కానీ ఈ కొలతకు ఒక సుఖం ఉంది. దూరాన్ని పది లక్షల కిలోమీటర్లలో రాస్తే ఎంత అంకె వస్తుందో, మన నమూనాలో అన్ని మీటర్లు. సూర్యుడి నుంచి బుధుడు 58 మీటర్లు, శుక్రుడు 108, భూమి 150, కుజుడు 228, గురుడు 778. ఆ తర్వాత శని కిలోమీటరున్నరకు కాస్త తక్కువ, యురేనస్ 2.9 కిలోమీటర్లు, నెప్ట్యూన్ నాలుగున్నర. మీ ఊళ్లో క్లాక్ టవర్ దగ్గర సూర్యుణ్ణి పెడితే నెప్ట్యూన్ నిమ్మకాయ సుమారుగా పిల్లలమర్రి దగ్గర ఉంటుంది. నల్లగొండ వాళ్లకైతే గడియారం దగ్గర నుంచి పానగల్ గుళ్ల వైపు.

భూమి దాకా మాత్రం తప్పకుండా నడిపించండి, రోడ్డు మీద 150 మీటర్లే కదా. నడిపించేటప్పుడు సెకనుకు ఒక్క అడుగు దూరమే, అంటే 30 సెం.మీ., జరగమనండి. ఈ నమూనాలో వెలుతురు వేగం అంతే. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు అనే అంకె 30 సెంటీమీటర్లు అయిపోతుంది. సూర్యుడి నుంచి భూమికి చేరేసరికి 500 సెకన్లు, అంటే 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. నాలుగో నిమిషానికే పిల్లలకు విసుగొస్తుంది. రానివ్వండి. నెప్ట్యూన్ దాకా ఇదే నడక అయితే నాలుగు గంటల పైచిలుకు. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గర నక్షత్రం ఈ కొలతలో 40 వేల కిలోమీటర్లు, అంటే నిజమైన భూగోళాన్ని ఒకసారి చుట్టి రావడం.

తరగతి గదిలోనే చేయాలంటే దారం, పూసలు తెచ్చుకోండి. సూర్యుడి నుంచి భూమికి 10 సెం.మీ. అనుకుంటే, మూడు మీటర్ల పైన ఉన్న దారం మీద 4, 7, 10, 15, 52, 96, 192, 300 సెంటీమీటర్ల దగ్గర పూసలు ముడివేయాలి. మొదటి నాలుగూ జానెడు లోపల గుంపుగా, మిగతావి ఎక్కడెక్కడో. పూసల సైజులు ఇక్కడ అబద్ధం, దూరాలే నిజం అని అట్ట మీద రాసి వేలాడదీయండి. ఈ కొలతలో సూర్యుడే మిల్లీమీటరు కంటే చిన్న.

*

ప్రశ్న: ఒక పుస్తకంలో శుక్రుడు నిప్పులా ఎర్రగా, ఇంకో దాంట్లో తెల్లగా ఉన్నాడు. నెప్ట్యూన్ నీలం ఎంత ముదురు వేయాలి?
– ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: ఎర్ర శుక్రుడి బొమ్మలు రాడార్ చిత్రాలు. 1990ల మొదట్లో మాజెలాన్ అంతరిక్ష నౌక మేఘాల కింది నేలను రాడార్‌తో చూసింది, ఆ పటాలకు రంగు మనుషులు ఇచ్చిందే. కంటికి కనిపించేది మేఘాలే, లేత మీగడ రంగు. తెల్లవారుజామున వేగుచుక్కగా కనిపించే శుక్రుణ్ణే చూపించండి, పిల్లలకు ఏ పుస్తకమూ అక్కర్లేదు.

నెప్ట్యూన్ ముదురు నీలం 1989లో వాయేజర్-2 నౌక పంపిన చిత్రాల నుంచి వచ్చింది. మేఘాలు స్పష్టంగా కనపడాలని ఆ చిత్రాల్లో రంగును పెంచారు. 2024లో వచ్చిన పరిశోధన ప్రకారం యురేనస్, నెప్ట్యూన్ రెండూ దాదాపు ఒకే లేత ఆకుపచ్చ-నీలం, నెప్ట్యూన్ ఒక పిసరు నీలం ఎక్కువ. పది చెంచాల తెలుపులో ఒక చెంచా నీలం, అగ్గిపుల్ల కొనకు అంటినంత ఆకుపచ్చ వేసి ఒకే గిన్నెలో కలపండి. సగం యురేనస్‌కు తీసి, మిగతా సగంలో ఇంకో రెండు చుక్కల నీలం వేస్తే నెప్ట్యూన్.

కుజుడికి రంగు కొనకండి. మన చెల్క నేలల ఎరుపూ, కుజుడి ఎరుపూ ఇనుము తుప్పుపట్టి వచ్చినవే. గడపలకు పూసే జాజు అయినా, చేలోని ఎర్రమట్టి అయినా పల్చటి గుడ్డలో జల్లించి, రెండు చెంచాల మట్టికి చెంచా ఫెవికాల్, చెంచా నీళ్లు కలపండి. శనగ గింజను అందులో పొర్లించి ఆరబెడితే కుజుడు తయారు. ఫెవికాల్ లేకుండా ఒట్టి జాజు పూస్తే చేతికంటుతుంది.

గురుడి పట్టీలు తిన్నగా రావాలంటే కుంచెను తిప్పొద్దు, ఉండను తిప్పండి. ధ్రువం నుంచి ధ్రువానికి ఒక పుల్ల గుచ్చి, రెండు వైపులా పేర్చిన ఇటుకల మీద ఆ పుల్లను ఆనించి ఒకరు తిప్పుతుంటే, ఇంకొకరు కుంచె కదలకుండా ఆనించి పట్టుకోవాలి. మీగడ రంగు మొదట మొత్తం వేసి, అది తడిగా ఉండగానే గోధుమ రంగు పట్టీలు వేస్తే అంచులు కలిసిపోయి మేఘాల్లా ఉంటాయి. పూర్తిగా ఆరాక వేస్తే మీటరు రాయికి వేసిన చారల్లా వస్తాయి. గురుడు పది గంటల లోపే ఒక చుట్టు తిరుగుతాడు, ఆ వేగమే మేఘాలను పట్టీలుగా సాగదీస్తుంది. పిల్లలు చేతులతో తిప్పుతున్నప్పుడే ఈ మాట చెప్పాలి. ఎర్రమచ్చ దక్షిణార్ధంలో, నడుం గీతకు కాస్త కింద, వెడల్పు ఒకటిన్నర సెంటీమీటరుకు కొంచెం పైన. భూమి ఉండను దాని మీద పెట్టి చూడమనండి, మచ్చలోనే ఇమిడిపోతుంది.

*

ప్రశ్న: గుడిలో నవగ్రహాలు తొమ్మిది. బడిలో ఎనిమిదే చేయించారట. సూర్యచంద్రులు, రాహుకేతువులు ఏమయ్యారని మనవరాలు అడుగుతోంది. ఏం చెప్పాలి?
– ఒక తాతగారు, వనపర్తి

జవాబు: రెండు లెక్కలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు అని చెప్పండి, పాపకు అర్థమవుతుంది. నక్షత్రాల మధ్య చోటు మారుతూ భూమి మీంచి కనపడేవి ఏవి అన్నది పాత లెక్క. అందులో సూర్యుడు, చంద్రుడు, కంటికి కనపడే అయిదు గ్రహాలు – బుధ, శుక్ర, కుజ, గురు, శని – వచ్చాయి. మనం నిలబడ్డ భూమి అందులో లేదు. సూర్యుడి చుట్టూ తిరిగేవి ఏవి అన్నది బడి లెక్క. అందులో భూమి చేరింది, దుర్భిణితో 1781లో యురేనస్, 1846లో నెప్ట్యూన్ చేరాయి. ప్లూటో 1930లో చేరి, 2006లో మరుగుజ్జు గ్రహాల జాబితాలోకి మారింది. మీ పాత పుస్తకాల్లో తొమ్మిది ఉంటే అది ఆ ప్లూటోతో కలిపి, నవగ్రహాల తొమ్మిది కాదు.

రాహుకేతువులకు ఉండలు చేయలేం, ఎందుకంటే అవి రెండు బిందువులు. ఇంట్లో ఒకదానిలో ఒకటి పట్టే రెండు గాజులు తీసుకోండి. ఒకటి ఆకాశంలో సూర్యుడి దారి, రెండోది చంద్రుడి దారి. లోపలి గాజును కొంచెం వాల్చితే రెండు గాజులూ సరిగ్గా రెండు చోట్ల దాటుకుంటాయి. ఒకటి రాహువు, ఎదురుగా ఉన్నది కేతువు. అసలు వాలు 5 డిగ్రీలే, చూపించడానికి మీరు ఇంకాస్త వాల్చవచ్చు. అమావాస్య నాడు చంద్రుడు ఆ బిందువుల దగ్గర ఉంటేనే సూర్యగ్రహణం పడుతుంది, లేకపోతే పైనుంచో కిందనుంచో దాటిపోతాడు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఇబ్రహీంపట్నం అవతలి జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ నుంచి శాస్త్రవేత్తలు చూశారు. ఆ పగటి చీకటి మీకు గుర్తుంటే గాజులు చూపించాక మనవరాలికి అది చెప్పండి.

*

ప్రశ్న: మట్టితో గురుగ్రహం చేస్తే నెర్రెలు విచ్చింది. మా దగ్గర నల్లరేగడే దొరుకుతుంది.
– ఒక గృహిణి, నారాయణపేట

జవాబు: రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బాగా కుంచించుకుంటుంది. ఎండాకాలం చేలల్లో చూసే నెర్రెలే మీ గురుడి మీదా పడ్డాయి. పైగా 14 సెం.మీ. గట్టి మట్టి ఉండ రెండున్నర కిలోల పైన తూగుతుంది. పైన ఆరిపోయి కుంచించుకుంటుంటే లోపల తడిగా అలాగే ఉంటుంది, ఇక పగలక ఏం చేస్తుంది. మట్టిని చిన్న నాలుగు గ్రహాలకే వాడండి. మూడు వంతుల రేగడికి ఒక వంతు సన్న ఇసుక, గుప్పెడు నానిన పేపరు గుజ్జు కలిపి పిసకండి. మొదటి రోజు తడిగుడ్డ కప్పి నీడలో ఆరబెట్టండి. పేపరు ఉండ మీద మట్టి మెత్తి పెద్దది చేయాలని కొందరు చూస్తారు. లోపలి ఉండ కుంచించుకోదు, మట్టి కుంచించుకుంటుంది, మళ్లీ నెర్రెలే. కాల్చాలనిపిస్తే కుమ్మరి ఆవంలో పెట్టించండి, ఇంటి పొయ్యిలో వద్దు. లోపల తడి మిగిలిన ఉండ ఆవిరికి పేలుతుంది.

*

ప్రశ్న: శని వలయం వాలిపోతోంది. ఎంత పెద్దది చేయాలి?
– ఏడో తరగతి విద్యార్థి, కోదాడ

జవాబు: నడుం దగ్గర 12 సెం.మీ. ఉన్న శనికి వలయం బయటి వ్యాసం 27, లోపలి వ్యాసం 15 సెం.మీ. ఉండాలి. ఉండకూ వలయానికీ మధ్య చుట్టూ ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ వస్తుంది. చాలామంది ఆ ఖాళీ వదలకుండా టోపీ అంచులా అతికిస్తారు, అది తప్పు. అట్టపెట్టె అట్ట ఒక పొర వాలుతుంది. రెండు పొరలను అట్ట గీతలు ఒకదానికొకటి అడ్డంగా వచ్చేలా అతికించి, బరువు కింద రాత్రంతా ఉంచితే నిలుస్తుంది. నాలుగు వైపులా చీపురు పుల్లలు ఉండలోకి గుచ్చి, వాటి మీద వలయాన్ని కూర్చోబెట్టి ఫెవికాల్ చుక్కలు పెట్టు. వ్యాసం 24 సెం.మీ. దగ్గర చుట్టూ ఒక నల్లగీత గీయి, అది కాసినీ విభజన, అంటే వలయాల మధ్య ఉండే ఖాళీ. అసలు వలయాల మందం చాలా చోట్ల పదుల మీటర్లే, కాబట్టి ఏ అట్ట తీసుకున్నా మందం ఎక్కువే.

చిన్నది కావాలంటే పాత సీడీ ఉంది కదా. 5.3 సెం.మీ. ఉండను నడిమికి కోసి, సీడీకి రెండు వైపులా చెరో సగం అతికించు. ఉండ చుట్టూ ఆరేడు మిల్లీమీటర్లు నల్లరంగు వేస్తే ఆ ఖాళీ కూడా వచ్చినట్టే.

*

ప్రశ్న: మా తరగతిలో చూపు లేని బాబు ఉన్నాడు. వాడికి రంగులతో పనేముంది?
– ఒక ఉపాధ్యాయుడు, అచ్చంపేట

జవాబు: జొన్న గింజ, తాటికాయంత ఉండ చెరో చేతిలో పెట్టండి, ఈ నమూనాలో ముఖ్యమైన సంగతి వాడికి అందరికంటే ముందు అందుతుంది. గురుడి పట్టీల అంచుల వెంట పురికొస అతికించి, ఎర్రమచ్చ చోట గుండీ కుట్టండి. శని వలయంలో నల్లగీత బదులు గాడి తీయండి. పూసల దారం మీద ప్రతి గ్రహం దగ్గర వరస సంఖ్యకు సరిపడా ముడులు వేయండి, బుధుడికి ఒకటి, నెప్ట్యూన్‌కు ఎనిమిది. దారం వెంట నడిపించేటప్పుడు ఆ బాబునే ముందు పెట్టండి.

*

ప్రశ్న: దూలానికి వేలాడదీసిన గ్రహాలు దారం ఊడి పడిపోతున్నాయి. యురేనస్‌ను ఎటు వాల్చాలి?
– అంగన్‌వాడీ టీచర్, నాగర్‌కర్నూల్

జవాబు: దారాన్ని పైన టేపుతో అతికిస్తే ఎండకు జిగురు వదిలేస్తుంది. ఉండ పైన చిన్న రంధ్రం చేసి, సగం విరిచిన అగ్గిపుల్ల నడుమ నైలాన్ దారం కట్టి నిలువుగా లోపలికి దూర్చండి. దారం లాగితే పుల్ల లోపల అడ్డం తిరిగి పట్టుకుంటుంది. థర్మకోల్, గట్టి ఉండలైతే అడుగు దాకా దారం గుచ్చి, కింద గుండీ కట్టండి. భూమిని 23 డిగ్రీలు, శనిని 27 డిగ్రీలు వాల్చి, గురుణ్ణి దాదాపు నిటారుగా కట్టాలి. యురేనస్ వాలు 98 డిగ్రీలు, పడిపోయిన బొంగరంలా అడ్డంగా ఉంటుంది. ధ్రువాల పుల్ల నేలకు సమాంతరంగా ఉండేలా చూసి, రంధ్రం నడుం దగ్గర చేయండి. నూలు దారం వాడితే పురి విప్పుకుంటూ గ్రహాలు వాటంతట అవే తిరుగుతాయి. చూడ్డానికి బాగుంటుంది కానీ వారం తిరిగేసరికి తెగుతుంది. ఫ్యాను రెక్కలకు కనీసం రెండు మీటర్ల దూరంలో కట్టండి.